కోర్ పెట్టెలో ఖాళీలు చూడు బిడ్డా

బిడ్డా, వరంగల్ ఎన్‌ఐటీ రాక్ మెకానిక్స్ ల్యాబ్‌లో పని మొదలుపెట్టానన్నావు. సంతోషం. 1959లో రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీగా (ఆర్‌ఈసీ) పుట్టిన సంస్థ అది. చుట్టూ గ్రానైటే, రాయికి కొదవ లేదు.

రాయిని నలిపే మెషీన్ చూపించే అంకెకు మాత్రం మురిసిపోకు. 54 మిల్లీమీటర్ల వ్యాసమున్న రాతి కోర్ 150 మెగాపాస్కల్ దాకా ఆగిందంటే, చేతిలో ఇమిడే ముక్క 35 టన్నులు మోసినట్టు. గొప్పే. కానీ ఆ ముక్క నీ బల్ల మీదికి ఎట్లా వచ్చింది? డ్రిల్ దింపితే గట్టి రాయి కడ్డీలా పైకొస్తుంది, నలిగిన రాయి పొడై నీళ్లతో కొట్టుకుపోతుంది. పరీక్షకు వ్యాసానికి రెండు మూడు రెట్ల పొడవు కావాలి గనుక, వచ్చినవాటిలోనూ మంచివే ఏరుతాం. సొరంగంలో మనుషుల మీద కూలేది తరచూ ల్యాబ్‌దాకా రాని రాయే.

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం పైకప్పు కూలి 8 మంది చిక్కుకుపోయారు. లోపలికి ముంచుకొచ్చింది నీళ్లూ బురదా. మన మెషీన్ కింద పెట్టి నలపగలిగిన సరుకు కాదది.

అట్లని ల్యాబ్ పనిని అలుసు చేయకు. కోర్ చివర్లలో ఎగుడుదిగుడు 0.02 మిల్లీమీటర్లు దాటితే లోడు ఒక అంచునే పడి పెచ్చు లేస్తుంది. తప్పు నీది, చెడ్డపేరు రాయికి. చారలుండే నైస్ రాయి అయితే ఆ చారల వాలును పెన్సిల్‌తో కోర్ మీదే గీసుకో. తడిదో ఎండుదో నోట్ చేసుకో. కళ్లద్దాలు మరవకు, గ్రానైటు చెప్పి పేలదు. విరిగిన ముక్కల్ని వెంటనే ఊడ్చేయకు. నిలువునా చీలిందా, ఏటవాలుగా తెగిందా, పాత పగులు వెంబడి జారిందా చూడు. పాత పగులైతే తుప్పురంగు మరక కనబడొచ్చు. ఆ ఫలితాన్ని సగటులో కలపకు, దాచనూ దాచకు. విడిగా చూపించు.

వీలు చేసుకుని సైటుకు పో. 10 సెంటీమీటర్లు, ఆపై పొడవున్న ముక్కలు కొలిచి రాతి నాణ్యతకు కట్టే అంకె, ఆర్‌క్యూడీ, నీకు కాగితం మీదే దొరుకుతుంది. కోర్ పెట్టెలో ఖాళీగా వదిలిన చోట్లు మాత్రం కళ్లారా చూడాల్సిందే. డ్రిల్లర్ అన్నకు చాయ్ తాగించు. ఏ లోతులో నీళ్లు పైకి తిరిగి రాలేదో, రాడ్ ఎక్కడ ఒక్కసారిగా దిగబడిందో అడుగు. అతను చెప్పింది రిపోర్టులో మెగాపాస్కళ్ల పక్కనే పెట్టు.