సీలుదే తప్పా?



ఒంటారియో పల్లె దారుల్లో వెళ్తుంటే కొట్టాల పక్కన ఎర్రటి పాత మాస్సీ ఫెర్గూసన్ ట్రాక్టర్లు మీరు చూసే ఉంటారు. మన ఊళ్ళకీ ఆ పేరు కొత్త కాదు. 1960లో మద్రాసులో మొదలైన టాఫే కంపెనీ మాస్సీలు మన పొలాలెన్నో దున్నాయి. ఆ పేరులోని మాస్సీ మాత్రం ఈ దేశంవాడే. డేనియల్ మాస్సీ 1847లో ఒంటారియోలోని న్యూకాజిల్‌లో చిన్న వర్క్‌షాపు పెట్టాడు. ఆ కుటుంబం మెథడిస్టులు, టొరంటోలో మాస్సీ హాల్ కట్టించింది వాళ్ళే. అది వేరే కథ. ఇప్పుడు నేను చెప్పదలచుకున్నది ఆ ట్రాక్టర్ల కింద కారే ఆయిల్ గురించి, అది చూసి మనం దేన్ని తప్పుపడతామన్న దాని గురించి.

1960ల నాటి 135 మోడల్‌లో గేర్ బాక్సుకి, డిఫరెన్షియల్‌కి, హైడ్రాలిక్ లిఫ్ట్‌కి ఒకటే ఆయిల్. ఎక్కడ లీకైనా చుక్క పడేది అడుగునే. పైన లిఫ్ట్ షాఫ్ట్ దగ్గర బయల్దేరిన ఆయిల్ హౌసింగ్ వెంట కిందికి జారి, దుమ్ముతో కలిసి, అంతా నల్లగా చేస్తుంది. చుక్క పడిన చోటికి దగ్గరున్న సీలు మార్చేస్తే డబ్బు పోతుంది, రెండు రోజులు పోతాయి, లీకు మాత్రం పోదు. అనుభవమున్న మెకానిక్ ముందు శుభ్రంగా కడుగుతాడు. ఆరనిచ్చి, పౌడరు చల్లి, ఆయిల్ వేడెక్కేదాకా నడిపి, మొదట తడిసిన చోటు ఏదో చూస్తాడు. క్లచ్ హౌసింగ్ కింద కారుతుంటే రంగూ వాసనా చూస్తాడు. ఇంజన్ ఆయిలైతే అనుమానం ఒక సీలు మీద, గేర్ ఆయిలైతే ఇంకో సీలు మీద.

కొన్ని ట్రాక్టర్లలో హైడ్రాలిక్ పంపు ఇంజన్‌కే బిగించి ఉంటుంది. దాని షాఫ్ట్ సీలు పోతే నేల మీద చుక్క కూడా కనబడకపోవచ్చు. హైడ్రాలిక్ ఆయిల్ తగ్గుతుంది, ఇంజన్ ఆయిల్ పెరుగుతుంది. పెరిగింది కదా అని సంతోషించడానికి లేదు. కానుకలు పెరిగిన ఏడాదే ప్రార్థన కూడిక ఖాళీ అయిన సంఘాలు మీకు తెలియవా?

అన్నిటికన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది బ్రీదర్. ఆయిల్ వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచిస్తుంది. అది బయటికి పోవడానికి పెట్టిన చిన్న దారి అది. దుమ్ముతోనో, చలికాలంలో లోపలి తేమ గడ్డకట్టో అది మూసుకుపోతే, ఒత్తిడి ఇంకో దారి వెతుక్కుంటుంది. అప్పుడు బాగున్న సీలు కూడా కారుతుంది. మార్చితే కొత్తదీ కారుతుంది.

మన సహవాసాల్లో చూడండి. ఒక సహోదరుడు కమిటీ మీటింగులో గట్టిగా అరిచాడనుకోండి. రెండు ఉద్యోగాలు, పీఆర్ కోసం ఎదురుచూపు, ఇంటికి పంపాల్సిన డబ్బు. ఎవరితోనైనా చెప్పుకుందామంటే సోమవారానికల్లా వాట్సాప్ గ్రూపులో అందరికీ తెలిసిపోతుందన్న భయం. మనం అతణ్ణి బాధ్యత నుంచి తీసేసి ఇంకొకరిని పెడతాం. ఏడాది తిరక్కుండా ఆయనా అరుస్తాడు. యోహాను 9లో పుట్టుగుడ్డివాణ్ణి చూడగానే శిష్యులు అడిగింది, ఎవరు పాపం చేశారని. ఇతడా, ఇతని కన్నవాళ్ళా? ప్రభువు ఆ రెండు జవాబులనూ తోసిపుచ్చాడు.

అయితే ఎవరిదీ తప్పు కాదంటారా అని మీరు అడగవచ్చు. అనను. సీలు నిజంగానే గట్టిపడి చిట్లుతుంది. డ్రమ్ము బ్రేకులున్న పాత మోడళ్ళలో వెనక ఇరుసు సీలు పోతే ఆయిల్ బ్రేకు షూల మీదికి చేరవచ్చు. అప్పుడు బ్రీదర్ గురించి చర్చిస్తూ కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది. సంఘం డబ్బు మాయం చేసినవాణ్ణి, ఇంట్లో భార్య మీద చేయి చేసుకునేవాణ్ణి "పాపం, ఒత్తిడిలో ఉన్నాడు" అని వెనకేసుకురావడం అలాంటిదే. ముందు బండి ఆపాలి. ఆపాక కూడా, సీలు ఊడదీసిన మెకానిక్ షాఫ్ట్‌ని గోరుతో తడిమి చూస్తాడు. ఏళ్ళ రాపిడికి గాడి పడి ఉంటే కొత్త సీలు ఎక్కువ రోజులు నిలవదు, షాఫ్ట్‌కి స్లీవ్ తొడగాలి. ఇదంతా ఓపిక పట్టే పని. గలతీ 6:1లో తప్పులో చిక్కుకున్నవాణ్ణి సాత్వికమైన మనసుతో తిరిగి దారికి తేవాలని పౌలు రాసినచోట గ్రీకులో ఉన్న క్రియ, మత్తయి 4:21లో జెబెదయి కుమారులు తండ్రితో కలిసి దోనెలో వలలు బాగుచేసుకుంటున్నారన్న చోట ఉన్నదే.