పాపమూ కాదు, పుణ్యమూ కాదు

శతపథ బ్రాహ్మణమున చాతుర్మాస్య యాగములను వర్ణించు పట్టున వరుణప్రఘాసమను ఒక ఇష్టి కలదు. అందు హవిస్సు వేల్చుటకు ముందు ప్రతిప్రస్థాత యను ఋత్విజుడు యజమానుని భార్యను సమీపించి, నీవు భర్తగాక మఱెవ్వరితోనైన సంగతురాలవైతివా యని సూటిగా ప్రశ్నించును. ఆమె దాచక చెప్పవలెను, చెప్పనియెడల ఆమె బంధువులకు కీడు వాటిల్లునను బెదరింపును అచటనే ఉన్నది. యజమానునకు మాత్రము అట్టి ప్రశ్న లేదు. ఆ సంగతి బ్రాహ్మణకారునకు తోచలేదు గనుక మనమును ప్రస్తుతమునకు విడిచిపెట్టుదము. ఆ ప్రశ్నకు గ్రంథము చూపిన హేతువు మిక్కిలి చక్కనిది: వెల్లడించిన పాపము చిన్నదగును, ఏలనన వెల్లడి యైనంతనే అది సత్యమైపోవును. పాపవిముక్తికి సాధనములను పేర్కొనునపుడు మనువు పశ్చాత్తాపమునకన్న, తపస్సునకన్న, వేదాధ్యయనమునకన్న ముందు ప్రకటనమునే నిలిపినాడు. బౌద్ధ భిక్షువులు పక్షమునకొకమారు తమ నియమావళి యగు ప్రాతిమోక్షమును పఠించుటకై గుమిగూడునపుడు, దోషము కలవాడు ముందుగా దానిని తోడి భిక్షువునకు చెప్పుకొనవలెను. జైనులు, దోషమును ఒప్పుకొని దానినుండి వెనుదిరుగుటయను ప్రతిక్రమణమును ఆవశ్యకములలో నొకటిగా చేర్చిరి. హిప్పో నగరపు బిషప్పు అగస్టీను తాను పదునాఱేండ్ల ప్రాయమున పొరుగుతోటలో దొంగిలించిన పండ్లను గూర్చి, నలువది యేండ్లు దాటిన పిమ్మట, ఈశ్వరునకే విన్నవించుకొనుచు పుటలకు పుటలు వ్రాసినాడు.

పుణ్యము సంగతి దీనికి విపర్యయముగా నుండునని తలంతుము గాని, అదియు చెప్పుటచేత తగ్గునదే. చాటుకొన్న దానము క్షయించునని అదే మనువు హెచ్చరించినాడు. ఆదిపర్వము చదివిన తెలుగువారికి యయాతి కథ క్రొత్త కాదు: తపస్సునందు నీకు సాటి యెవ్వరని ఇంద్రుడు అడుగగా, దేవతలలో గాని మనుష్యులలో గాని మహర్షులలో గాని నాకు సాటివాడు లేడని ఆ రాజు పలికిన తోడనే అంతవఱకు ఆర్జించిన పుణ్యమెల్ల హరించిపోయి, ఆయన స్వర్గమునుండి పడజొచ్చెను. ఇంద్రుడు ఆ ప్రశ్న అడుగకున్న బాగుండెడిదని నాకు చిన్ననాటినుండి అనిపించుచునే యున్నది.

ఇంతకును మనుష్యుడు ఒక జన్మమున చేయు పాపములెన్ని, పుణ్యములెన్ని? మనస్సునందు పేరుకొని యుండు సరుకులో అధికభాగము ఈ రెండు రాసులలో దేనికిని చెందనిది: చీకటియన్న దడ, బల్లియన్న రోత, నిద్రపోవుటకు ముందు గడియ వేసితినా లేదా యని రెండవమారు లేచి తడిమిచూచు అలవాటు, సంతలో తండ్రి వ్రేలు విడిచి తప్పిపోయిన నాటి సాయంకాలము, కారణము తెలియకయే అఱువది యేండ్లు వెంట వచ్చిన ఏదో ఒక వాసన. వీనిని చెప్పుకొన్నచో ఏమి తగ్గును, ఏమి పెరుగును? నీతిశాస్త్రము దాచదగినవి తొమ్మిదని లెక్క కట్టినది: ఆయుస్సు, ధనము, ఇంటిగుట్టు, మంత్రము, మందు, దాంపత్యము, దానము, మానము, అవమానము. ఆ పట్టికలో భయము లేదు. శాస్త్రకారుడు దానిని మఱచినాడో, దాచవలసినంతటి వస్తువు కాదని తలంచినాడో, దాచినను దాగదని యెఱిగి ఊరకున్నాడో నిర్ణయించుట కష్టము.

ఈ ప్రశ్న నాకు పుస్తకములలో గాక మడకశిర ప్రాంతమున, ఒక ఆషాఢమున, రచ్చకట్టమీద ఎదురైనది. 2022 నుండి ఆ తాలూకా శ్రీ సత్యసాయి జిల్లాలోనికి పోయినదే గాని, అచటి ముసలివారికి నేటికిని అది అనంతపురము జిల్లాయే. పడమట శిర, ఉత్తరమున పావగడ, ఇవి కన్నడసీమవి. సంతలో బేరము ఒక భాషలో మొదలై రెండవ భాషలో ముగియుట అచట వింత కాదు. నైఋతి మేఘములు పడమటి కనుమలపై తమ బరువును దింపుకొని వచ్చును. ఈశాన్య మేఘములు తూర్పు సముద్రమునుండి ఇంత దూరము వచ్చులోపల అలసిపోవును. ఈ రెంటి నడుమ చిక్కిన ఆ పీఠభూమికి సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వానయే దక్కును, అదియు అదును చూచుకొని కురియదు. శెనక్కాయ విత్తుటకు పదును వాన ఒక్కటి కావలెను. ఆ యేడు ఆరుద్ర కార్తె గడచి పునర్వసు నడుచుచుండెను. ఒలిచిన విత్తనము గోనెసంచులలో ఇంటింట సిద్ధముగా నుండెను. ప్రతిదినమును మూడుజాములకు మోడము పట్టుటయు, ప్రొద్దు క్రుంకులోపల చెదరిపోవుటయు జరుగుచుండెను.

కట్టమీద నలుగురైదుగురు కూర్చుండి యుండగా పడమట నల్లనైనది. అంతవఱకు మాటలాడుచున్న ఒక రైతు, డెబ్బదికి దగ్గఱివాడు, లేచి తువాలు దులుపుకొని ఇంటిదారి పట్టినాడు. ఏల పోవుచున్నావని అడిగిరి. ఆయన కొంచెము తడబడి, పిమ్మట తెగించి, "నేను జూస్తే మోడం ఎల్లిపోతాది మామా. అందుకే పైకి జూడను. లోపలికి పోయి కూకుంటా" అన్నాడు. ఎవ్వరును నవ్వలేదు. ఆయన మామా యని పిలిచిన వయోవృద్ధుడు తలయూచి, "నీ ఒక్కనిదే అనుకుంటివా అల్లుడా? నేను ఇత్తనాల మూట ఇప్పేదాకా వాన పేరెత్తను. ఎత్తితే పోతాది" అన్నాడు. మూడవవాడు మోడము పట్టిననాడు గొడుగు ముట్టడట. ముట్టినచో వానకు అలుక వచ్చునట. ఒకరొకరుగా కట్టమీదనున్న ప్రతివాడును తన తన కట్టడిని బయటపెట్టినాడు. తనకొక్కనికే యున్న పిచ్చియని ఏండ్ల తరబడి సిగ్గుపడి దాచుకొన్నది ఊరి కంతటికిని ఉమ్మడి ఆస్తియని తెలిసినపుడు ఆ మొదటి రైతు ముఖమున కలిగిన భావము సంతోషమనియు చెప్పజాలను. కొంత నిరాశ కూడ అందులో కలదు. తరువాత ఆయన ఇంటిలోనికి పోవుట మాత్రము మానలేదు.

ఆ చనువుతో నేనును నాది చెప్పితిని. పాడుబడిన బావి కనబడినచో దానిలో గులకరాయి వేయక ముందుకు పోజాలను. రాయి విడిచిన తరువాత శబ్దము వినవచ్చువఱకు గడచు ఆ క్షణములో ఊపిరి బిగబట్టుదును. అడుగున రాతికి రాయి తగిలి 'టక్కు' మన్న నాడు ఆ దినమంతయు ఏదో కోల్పోయినట్లుండును, నీటిలో పడిన చప్పుడు వినబడినచో అకారణమైన ధైర్యము. బోర్లు వచ్చి ఎనిమిది వందల అడుగుల లోతునకు నీటిని తఱిమిన ఈ కాలమున ఆ 'టక్కు' తప్ప మఱియొకటి వినుట అరుదు. నా మాటకు వారు పెద్దగా ఆశ్చర్యపడలేదు. ఏ చేనిగట్టున ఏ బావి యున్నదో, దేనిలో రాయి వేసిన వృథాయో మాత్రము వివరించిరి.

దీనికి సమానమైన ప్రకటనము మన దేశమున అందఱెఱిగినది ఒకటి కలదు. గాంధీజీ 1925లో నవజీవన్ పత్రికయందు ఆత్మకథను ప్రకటింప మొదలిడి, అందు తన బాల్యభయములను గూర్చి వ్రాసినాడు: ఒక దిక్కునుండి దయ్యములు, ఒక దిక్కునుండి దొంగలు, ఒక దిక్కునుండి పాములు వచ్చునని తలంచి, దీపము లేక నిద్రింపజాలకుండెనట. ప్రక్కనే యున్న భార్యకు అట్టి వెఱపు లేదు. చీకటిలో ఎక్కడికైనను పోగలది. కనుక ఆమెకు ఈ మాట చెప్పుకొనుటకు ఆయనకు సిగ్గు. అన్నగారి కడియములోని బంగారపు తునుకను దొంగిలించిన పాపమును మాత్రము కాగితముమీద వ్రాసి తండ్రి చేతికిచ్చెను. తండ్రి కన్నీరు కార్చి ఆ కాగితమును చింపివేసెను. పాపమును తండ్రికి చెప్పగలిగినవాడు భయమును భార్యకు చెప్పలేకపోయెను. ఆ భయమునకు మందు చెప్పినది ఇంటి దాది రంభ: రామనామము జపింపుమన్నది. పాపము వినుటకు పైవాడు కావలెను, తండ్రియో గురువో దేవుడో. భయము వినుటకు పైవాడు పనికిరాడు. తప్పు విన్నవాడు శిక్షింపవలెను లేక క్షమింపవలెను, ఈ రెంటికిని అధికారము కావలెను. భయము విషయమున క్షమించుటకేమున్నది?

మా జిల్లావాడే యైన తిరుమల రామచంద్ర గారి ఆత్మకథ 'హంపీ నుంచి హరప్పా దాక' కు, ఆయన గతించిన పిమ్మట, కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. అంతటి పండితుడు పాండిత్యమును ప్రక్కకు నెట్టి, పడిన పాట్లను, తిరిగిన ఊళ్లను చెప్పుకొనుటచేతనే ఆ గ్రంథమునకు అంత చదివించు గుణము అబ్బినదని నా నమ్మకము.

అయితే భయమును చెప్పుకొనుట నిరపాయమైన వేడుక కాదు. గాంధీజీ ఆత్మకథలోనే ఒక చెలికాడు కలడు. గాంధీ బెదరులన్నియు ఎఱిగినవాడు. నేను బ్రతికిన పాములను చేతపట్టగలను, దొంగలను లెక్కచేయను, దయ్యములను నమ్మను, ఇదంతయు మాంసాహారము మహిమయని చెప్పి, ఆ బెదరులనే త్రాడుగా చేసికొని ఆయనను తన దారికి లాగినాడు. వెల్లడియైన పాపము సత్యమగునని బ్రాహ్మణకారుడు అన్నాడు; వెల్లడియైన భయము విన్నవాని చేతికి పిడి యగును. ఈ సంగతి మడకశిర రైతునకు ఎవ్వరును నేర్ప నక్కఱలేదు. మోడమును గూర్చిన వెఱపు కట్టమీద చెప్పగలిగినవాడే అప్పును గూర్చిన వెఱపును ఇంటిలోని వారికి కూడ చెప్పడు, ఏలనన అప్పిచ్చినవాడు కూడ అదే కట్టమీద కూర్చుండును. నీతిశాస్త్రపు పట్టికలో ఇంటిగుట్టునకు మూడవ స్థానము ఊరక దక్కలేదు.

మనుష్యులు ఇట్లుండుటచేతనే కాబోలు దేవుని యొద్దకు పోవుట. అమరాపురము మండలములోని హేమావతి పూర్వము హెంజేరను పేరుతో నొలంబ పల్లవులకు రాజధాని. అచటి సిద్ధేశ్వరుడు లింగరూపుడు గాక మానవాకారమున కూర్చుండియుండును. శివునకు ముఖముండుట అరుదైన సౌలభ్యము. ఆ గర్భగుడి యెదుట నిలిచిన పల్లెవారు, మంత్రము రానివారు, ఎదుటివానితో మాటలాడునట్లు పెదవులు కదపుచుండుట చూచినాను. లింగము ముందు మ్రొక్కెదరు, ఇచట చెప్పుకొందురు. ఆ దేవుడు విన్నది మఱునాడు కట్టమీద చెప్పడు, అసలు వడ్డీల లెక్క ఎత్తడు.

అయినను ఈ పీఠభూమియే ఇంతకన్న కఠినమైన సమాధానమును గూడ కన్నది. గుంతకల్లు దాపునగల కొనకొండ్ల కుందకుందాచార్యుని ఊరని జైనుల సంప్రదాయము. ఆయన నియమసారమున ప్రతిక్రమణ, ఆలోచన (అనగా దోషనివేదనము), ప్రాయశ్చిత్తములను సాధకునకు విధించి వివరించినాడు. సమయసారమున, పరమార్థ దృష్టితో, ఆ ప్రతిక్రమణాదులే విషకుంభములని నివ్వెఱపఱచినాడు. విషమేల? నేను చేసితిని, నేను చెప్పుకొంటిని, నేను శుద్ధుడనైతిని అను మూడు వాక్యములలోను కర్త నశింపడు గనుక. దోషము పోయినను దోషమునకు యజమాని మిగిలియుండును గనుక. ఇది విని బద్ధకస్థులు సంతసింపకుండ, చెప్పుకొనకుండుట గొప్పయని దీని భావము కాదనియు, చెప్పుట చెప్పకపోవుటలు రెంటికిని ఆవలనున్న మూడవ భూమిక ఇచట ఉద్దిష్టమనియు వ్యాఖ్యాత అమృతచంద్రుడు జాగ్రత్త పడినాడు.

పాపమును గూర్చి చెప్పిన ఈ మాట వింత అలవాట్లకు ఇంకను బాగుగా అన్వయించునని నాకు తోచును. ఈనాడు పదిమందిలో తన పిఱికితనమును, పిచ్చిని చెప్పుకొనువాడు తఱచు దానిని నగగా ధరించి వచ్చును. నేను ఇట్టివాడను, నావంటివాడు లేడు అని చెప్పుటకే ఆ చీకటిభయము, ఆ బల్లిభయము. అది యయాతి మాటయే, పుణ్యమునకు బదులు పిఱికితనము మూలధనముగా గల యయాతి మాట. రచ్చకట్టమీది రైతునకు జరిగినది వేఱు. ఆయన భయము తగ్గలేదు. నాది అను హక్కు మాత్రము పోయినది. ముఖమున కనబడిన ఆ కొంచెపు నిరాశ ఆ హక్కు పోయినందులకే. అమృతచంద్రుడు చెప్పిన మూడవ భూమికకు ఆ కట్ట ఎంత దూరమో నేను కొలువజాలను గాని, దారి అటువైపే పోవుచున్నదని అనుటకు జంకను.

ఒక్క లోటు చెప్పవలసియున్నది. ఆ కట్టమీద స్త్రీలు కూర్చుండరు. ఆ మధ్యాహ్నమే నేను ఆ రైతు వెంట వారి ఇంటివఱకు నడచితిని. ఆయన లోపలికి పోయి, గోడవైపు తిరిగి మంచముమీద కూర్చుండెను. ఆయన భార్య వాకిట నిలిచి పడమటి దిక్కు చూచుచుండెను. లోపలినుండి గడియకొకమారు "ఏమాయె?" అని కేక, "ఇంగా నిలిచే ఉండాది" అని ఆమె జవాబు. ఆయన వెఱపు సంగతి ఆమెకు పెండ్లియైన నాటినుండి తెలియునట, కట్టకు తెలిసినది ఆ దినముననే. నీకు ఆ భయము లేదా అమ్మా యని అడిగితిని. "నాకెవురు నాయనా ఆ వంతు ఇచ్చింది? ఆయప్ప జూడకపోతే ఎవురో ఒకరు జూడాల గదా" అని, చినుకు పడుచున్నది, సంచులు గోడ దగ్గఱనుండి జరుపుమని ఆయనను కేకవేసినది.