ఆహారశుద్ధి – రైతు ఋణము

ఆహారశుద్ధి వలన సత్త్వశుద్ధి కలుగునని ఛాందోగ్యోపనిషత్తు బోధించుచున్నది. భగవద్రామానుజులు శ్రీభాష్యమున జాతి, ఆశ్రయ, నిమిత్త దోషములు లేని అన్నముచే కాయశుద్ధి నొందుటయే 'వివేక'మని నిరూపించిరి. పదార్థస్వభావమున నుండునది జాతిదోషము. ఇచ్చువాని వలన వచ్చునది ఆశ్రయదోషము. మలినవస్తువు సోకుటచే కలుగునది నిమిత్తదోషము.

పైరుపై చల్లిన పురుగుమందు నిమిత్తదోషమే యగును. కాని అందు దోషి రైతు మాత్రమేనా? రైతులు దళారుల ప్రమేయము లేక స్వయముగ అమ్ముకొనుటకై 1999లో రైతుబజారులు వెలసినవి. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ గృహస్థులకు చేరువనున్న సరూర్‌నగర్ రైతుబజారు అట్టిదే. పురుగు తాకిన వంకాయను త్రోసివేసి, నిగనిగలాడుదానిని ఏరుకొని, రూపాయికై బేరమాడు చేయియే రైతుచేత మందు చల్లించుచున్నది. పంట పోయినచో అప్పు తీరదను భయము వానిది.

మార్గము లేకపోలేదు. నేటి జనగామ జిల్లాలోని ఏనెబావి గ్రామస్థులు పురుగుమందులను, రసాయనిక ఎరువులను విడిచి 2006లో తమ ఊరిని సేంద్రియగ్రామముగ ప్రకటించుకొనిరి. తిరుమలలో శ్రీవారికి 2021 మే నుండి గోఆధారిత సేద్యపు దినుసులతో నైవేద్యము ఆరంభమైనది.

భక్తితో నర్పించిన పత్రమునైనను ఫలమునైనను స్వీకరింతునని గీతాచార్యుని వాక్కు. పండించినవానికి న్యాయమైన వెల యీయక తెచ్చిన ఫలము నివేదనార్హ మెట్లగును? అది ఆశ్రయదోషమువంటిదే, అయితే ఆ దోషము కొన్నవానిది. కావున భక్తులు మచ్చయున్న కాయను మన్నించి, తగిన మూల్య మొసగి, స్వామికి నివేదింతురుగాక!