ఎవరి ఒళ్లో ఉంటే వాళ్ల పేరు

చిన్నప్పుడు మా ఇంటికి ఏ చుట్టం వచ్చినా నన్ను అడిగే ప్రశ్న ఒకటుండేది: "నీకు అమ్మంటే ఇష్టమా, నాన్నంటే ఇష్టమా?" ఆ క్షణాన ఎవరి ఒళ్లో ఉంటే వాళ్ల పేరు చెప్పేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్లు. హైకోర్టులో హెబియస్ కార్పస్ కేసులో ఆ ప్రశ్నే వస్తే ఎవరూ నవ్వరు.

హెబియస్ కార్పస్ అంటే, మనిషిని తెచ్చి మా ఎదుట నిలబెట్టమని కోర్టు చెప్పడం. రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టు ఆ రిట్ ఇస్తే, పట్టుకున్నవాళ్లు ఏ హక్కుతో పట్టుకున్నారో చెప్పుకోవాలి. చెప్పలేకపోతే వదిలెయ్యాలి. పుట్టింటివాళ్లు గదిలో పెట్టి తాళం వేసిన మేజరు అమ్మాయినైతే జడ్జి "ఎక్కడికి వెళతావమ్మా?" అని అడుగుతారు. ఆమె తనకిష్టమైన చోటికి వెళ్లిపోతుంది. రిట్ పని అయిపోయినట్టే.

మూడేళ్ల పిల్లను అలా వదిలేస్తే కోర్టు గేటు దాటి ఎటు పోతుంది? ఒక చేతిలోంచి తీస్తే మరో చేతిలో పెట్టాల్సిందే. పెద్దలకు విడుదల ఉంది. పిల్లలకు ఉన్నది అప్పగింతే. ఈ రిట్ చిక్కంతా ఆ రెండు మాటల మధ్యే ఉందనిపిస్తుంది నాకు.

1804లో ఇంగ్లండులో ఒక తండ్రి ఎనిమిది నెలల పాపను తల్లి దగ్గర్నుంచి లాక్కుపోయాడు. తల్లి రిట్ కోరింది. పాపకు హాని జరిగిందనడానికి ఆధారం లేదనీ, చట్టప్రకారం తండ్రే హక్కుదారనీ అంటూ కోర్టు బిడ్డను ఇప్పించలేదు. 'నీకేం హక్కు?' అన్న ప్రశ్నకు జవాబు దొరికింది. పాలు తాగే పిల్ల సంగతి ఆ ప్రశ్నలో ఇమడలేదు.

మన దగ్గర 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం బిడ్డ సంక్షేమానికే పెద్దపీట వేసింది. 2019లో సుప్రీంకోర్టు, తల్లి చనిపోయి ఆమె తరఫు బంధువుల దగ్గర పెరుగుతున్న పసిపాపను తండ్రికి ఇప్పించడాన్ని సమర్థించింది. ఆ తీర్పులోనే రిట్‌కు గిరి కూడా గీసింది. నిర్బంధం చట్టవిరుద్ధమైతేనే ఈ దారి. లోతుగా విచారించాల్సిన కస్టడీ తగాదాలు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద మామూలు కోర్టుల్లో తేలాలి. రిట్ కోర్టు చూసేది అఫిడవిట్లనే కదా. రాత్రి జ్వరమొస్తే ఎవరు లేచి కూర్చుంటారో అఫిడవిట్‌లో కనబడదు.

అంతకు చాలా ముందే, 1982లో అమెరికా సుప్రీంకోర్టు ఇంకో కోణం చూపించింది. పెన్సిల్వేనియాలో ముగ్గురు కొడుకుల మీద తల్లికున్న హక్కులను రాష్ట్ర కోర్టు రద్దు చేస్తే, ఆమె ఫెడరల్ కోర్టులో హెబియస్ కార్పస్ వేసింది. పెంపుడు ఇళ్లలో ఉన్న పిల్లలు ఖైదీల్లాంటివాళ్లు కారనీ, తెగని వ్యాజ్యం పిల్లలకే చేటనీ కోర్టు అంది. ముగ్గురు జడ్జీలు ఒప్పుకోలేదు. నాకూ ఆ తల్లి గడప దాటి రాలేకపోతోంది మనసు.

కాస్త బుద్ధెరిగిన పిల్లల ఇష్టాన్ని కోర్టు తెలుసుకోవచ్చు. 1890 చట్టంలోనే ఆ వీలుంది. కానీ ఆ పొద్దున ఎవరు తలదువ్వి, ఇడ్లీ తినిపించి, చెయ్యి పట్టుకుని తెచ్చారో, జడ్జి గదిలో ఆ పిల్ల చెప్పేది వాళ్ల పేరే కావచ్చు. నేను చెప్పినట్టే. ఒళ్లో ఉన్న పిల్ల మనసు తెలియాలంటే కిందికి దింపి కొన్నాళ్లు ఆడుకోనివ్వాలి. రిట్‌కు అంత తీరిక లేదు. కింది కోర్టుకు ఉంది. వాయిదాల మీద వాయిదాలు పడి అది తలెత్తి చూసేసరికి, పిల్లకు ఆటల వయసు దాటిపోతుంది.