ఆ కారు మన ఊరు ఎక్కుతుందా?

కాఫీ డబ్బులు చేతికి వచ్చిన నెలలో విశాఖపట్నం వెళ్లి ఒక పాత బెంజి కారు చూసి వచ్చాం. మేమిద్దరం ఉపాధ్యాయులం. పాడేరులో అద్దె ఇల్లు, కొండమీద సొంత ఊరు. బండి 2014 నాటిది. కొత్త చిన్నకారు ధరకే ఇస్తానన్నాడు అమ్మేవాడు. నల్లరంగు, తోలు సీట్లు. తలుపు వేయగానే బయటి చప్పుడంతా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం మాకు నచ్చింది. దాచుకోవడం దేనికి?

ఈ సంగతి విని మైదానం నుంచి వచ్చిన మిత్రుడొకాయన నవ్వాడు. "ఏజెన్సీలో మీకు బెంజి ఎందుకండీ, బొలెరో చాలదా?" అన్నాడు. సలహా మంచిదే కావచ్చు, ఆ "మీకు" అన్న మాటే గుచ్చుకుంది. అప్పుచేసి కారు కొన్న మైదానంవాడిది ఆశ, మనం జీతం డబ్బుతో కొంటే పొగరు! ఆదివాసి తక్కువతో తృప్తి పడతాడని మెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. ఆ మెప్పు మనల్ని ఉన్నచోటే కూర్చోబెడుతుంది. మన తాతలు జావ తాగి కొండ ఎక్కింది వ్రతం పట్టి కాదు, లేక. ఆ రాత్రి పంతం పట్టి కొనేద్దామనుకున్నాం.

తెల్లారాక ఆలోచిస్తే, ఒకరు వద్దన్నారని కొనడం కూడా వాళ్ల మాట ప్రకారం నడవడమే అనిపించింది. అది మా కోరిక ఎలా అవుతుంది?

లెక్కలూ వేశాం. పాతబడితే కారు ధర తగ్గుతుంది గాని దాని సామాను ధర తగ్గదు. మరమ్మతు వస్తే ఘాట్ దిగి విశాఖ పోవాలి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే, అంటే 2029లో మళ్లీ చేయించుకోవాలి. (పాత బండి కొనే తమ్ముళ్లు ఆర్.సి. మీద ఫైనాన్స్ అప్పు ఉందేమో ముందు చూసుకోండి.) అయినా ఇవన్నీ డబ్బు సంగతులు. డబ్బు సర్దుకోవచ్చు.

ఊళ్లో చిన్నాన్న ధర అడగలేదు. "మన ఊరు ఎక్కుతాదేటి?" అన్నాడు.

ఎక్కదు. ఆ కారు అడుగుకీ నేలకీ మధ్య జానెడు ఎత్తు కూడా లేదు. మా ఊరికి చివరి మూడు కిలోమీటర్లు మట్టిబాట, రెండు గెడ్డలు. పోయిన వానల్లో పక్కింటి పిల్లకు నొప్పులొస్తే డోలీ కట్టి రోడ్డు దాకా మోశారు. మేమూ ఒక కొస భుజాన వేసుకున్నాం. మోస్తున్నంతసేపూ ఎవరూ మాట్లాడలేదు. అంబులెన్సు రోడ్డు మీద ఉంది. మా కారు ఉన్నా ఆ మోత ఒక్క అడుగు తగ్గేది కాదు. మాట వచ్చింది గనుక చెప్పాలి, బొలెరో అయినా వానాకాలం రెండో గెడ్డ దాటదు. రోడ్డు వేయాల్సింది ప్రభుత్వం. ఆ బాకీని మా కోరిక మీద రాయడం న్యాయం కాదు. ఊరికి రోడ్డు లేదు గనుక ఉద్యోగం చేసుకునేవాళ్లు కారు ఎక్కకూడదంటే మేం ఒప్పుకోం.

మరి దేనికి వెనకాడాం? జీపు గురించి. సంతరోజు జీపులో ఒకరి ఒళ్లో ఒకరం కూర్చుని వస్తాం. ఎవరింట్లో జ్వరం, ఎవరి పిల్ల బడి మానేసింది, ఎవరు అప్పుకి పసుపు ముందే అమ్మేసుకున్నారు, మాకు తెలిసేది అక్కడే. హాజరు పట్టీలో అవి ఉండవు. కారు తలుపు వేస్తే ఆగిపోయే చప్పుడు ఇదే.

ఇంకొకటి. ఇటుకల పండుగకు మన ఆడవాళ్లు రోడ్డుకి కర్ర అడ్డంపెట్టి బళ్లు ఆపుతారు, పజోరు అడుగుతారు. ఇన్నేళ్లూ మా ఇంటివాళ్లు ఆ కర్ర దగ్గర నిలబడ్డవాళ్లే. ఆ నల్ల అద్దం వెనక మేం కూర్చుంటే చిన్నమ్మ మమ్మల్ని పేరుపెట్టి పిలుస్తుందా, దొర అంటుందా?

అద్దం దింపుకుంటే సరిపోతుందని మాలో ఒకరి వాదన. కొన్నాళ్లు దింపుతాం, తర్వాత ఏసీ వేసుకుంటామని రెండోవారి వాదన. రెండోదే గెలిచింది. కారు కొనలేదు. కోరిక పోయిందని మాత్రం అనం. విశాఖ వెళితే ఇంకా ఆ వీధిలోంచే నడుస్తాం.

బొలెరో చాలన్న మిత్రుడికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు. తన మాట విన్నామనుకుంటాడని.