అడగలేదు గనుక చెప్పలేదు



తనకు తెలిసిన లోపాన్ని, కొనేవాడు అడగలేదు గదా అని, అమ్మేవాడు చెప్పకుండా ఊరుకుంటే అది అబద్ధమాడినట్లేనా? ఇది పాత ప్రశ్నే. పశువును అమ్మేటప్పుడు, పొలం అమ్మేటప్పుడు మన పెద్దలకు ఇదే ఎదురైంది. నేడు మన కుటుంబాలలో ఇది ఎక్కువగా సెకండ్ హ్యాండ్ కారు దగ్గర వస్తున్నది. పెట్రోలు కారుకు తరువాత గ్యాసు కిట్టు బిగించి, కొన్నేళ్ళు తిప్పి అమ్మకానికి పెట్టినప్పుడు ఈ ప్రశ్న మరీ బరువెక్కుతుంది. ఎందుకో కలిసి ఆలోచిద్దాము.

కారుకు పడిన గీత కంటికి కనబడుతుంది. అరిగిన టైరు కనబడుతుంది. గ్యాసు కారులో ముఖ్యమైనవేవీ అలా కనబడవు. సి.ఎన్.జి. సిలిండరు డిక్కీలో ఉంటుంది. దానిలో గ్యాసు సుమారు 200 బార్ల ఒత్తిడిలో, అనగా మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్ల ఒత్తిడిలో ఉంటుంది. అందుకే 3 సంవత్సరాలకొకసారి దానికి నీటి ఒత్తిడితో పరీక్ష చేయించాలి. ఆ గడువు దాటిందో లేదో పైనుండి చూచి చెప్పలేము, కాగితం చూడాలి. గ్యాసు కోసం తయారు కాని ఇంజనులో వాల్వులు, వాటి సీట్లు త్వరగా అరగవచ్చు. అది మెకానిక్కు చూస్తే గాని తెలియదు. ఇంకొక సంగతి. కొద్దిగా తిరిగే కారుకు ఎవరూ వేలు ఖర్చుపెట్టి కిట్టు బిగించరు. కిట్టు ఉండి, మీటరులో కిలోమీటర్లు మాత్రం తక్కువగా కనబడితే కారణం అడగవలసిందే.

కాగితాల సంగతి కూడా ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం, 52వ సెక్షను ప్రకారం బండిలో చేసిన మార్పును రిజిస్ట్రేషను అధికారికి తెలిపి ఆర్.సి.లో నమోదు చేయించుకోవాలి. ఆర్.సి.లో పెట్రోలు అని మాత్రమే ఉండి, డిక్కీలో సిలిండరు ఉంటే, రేపు ప్రమాదం జరిగిన నాడు ఇన్సూరెన్సు కంపెనీతో పేచీ తప్పదు. ఆ పేచీ అమ్మినవానిది కాదు, కొన్నవానిది.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాము. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 17వ సెక్షనులో దీనికి చక్కని ఉదాహరణలు ఉన్నవి. ఒకడు జబ్బు గుర్రాన్ని వేలంలో అమ్ముతూ, సంగతి తెలిసీ ఏమీ చెప్పలేదు. అది మోసం కాదు అంటుంది చట్టం. అయితే కొనేది అప్పుడే మేజరైన అతని కుమార్తె అయితే? అప్పుడు ఆ బంధమే అతనిపై చెప్పవలసిన బాధ్యతను మోపుతుంది అంటుంది. కొనేవాడు "నీవు కాదనకపోతే గుర్రం బాగున్నదని అనుకుంటాను" అన్నప్పుడు అమ్మేవాడు ఊరుకుంటే, ఆ మౌనం మాటతో సమానం అని కూడా చెబుతుంది.

ఈ మూడు ఉదాహరణలు మన మధ్య ఎక్కడ నిలుస్తాయి? మనము బెంగుళూరులోనో, చెన్నైలోనో, బరంపురంలోనో, షోలాపురంలోనో, యానాంలోనో ఉంటున్నాము. తాతల నాడు వచ్చి స్థిరపడిన వాళ్ళం. కారు కావాలంటే ముందు మనవాళ్ళలో ఎవరైనా అమ్ముతున్నారా అని అడుగుతాము. ఎందుకు? మనవాడు మోసం చేయడని. కొనేవాడు నోరు తెరచి అడగకపోవడానికి కారణం అజాగ్రత్త కాదు, నమ్మకం. "అన్నా, మీరు వాడిన బండే గదా" అని అతడు అన్నప్పుడే అడగవలసినదంతా అడిగినట్లయింది. అక్కడ మన మౌనం వేలం పాటలోని మౌనం కాదు. అది "బండి బాగుంది" అని చెప్పిన మాటే.

"ధర తగ్గించే ఇచ్చాను గదా, దానిలోనే అంతా ఉంది" అని కొందరంటారు. ఈ మాటలో కొంత న్యాయం లేకపోలేదు. ఇంజను అరుగుదలకు ధర తగ్గిస్తే ఇద్దరి లెక్క సరిపోవచ్చు, ఆ సంగతి కొనేవానికి చెప్పి తగ్గిస్తేనే. అయితే సిలిండరు విషయంలో ఈ లెక్క కుదరదు. బేరం ఇద్దరి మధ్య జరుగుతుంది, ప్రమాదం ఇద్దరితో ఆగదు. వెనుక సీటులో, సిలిండరుకు ఆనుకొని కూర్చునేది పిల్లలు. తగ్గించిన రూపాయలు వారికి చేరలేదు, వారి సమ్మతి ఎవరూ అడగలేదు. మూడవవాని ప్రాణాన్ని ఇద్దరి బేరంలో తగ్గింపుగా లెక్కగట్టే హక్కు ఎవరికీ లేదు. కాబట్టి గడువు మీరిన సిలిండరు విషయంలో చెప్పడం మాత్రమే చాలదని మా అభిప్రాయం. పరీక్ష చేయించో, తీయించివేసో అమ్మాలి.

ఇంటి వంట గ్యాసు సిలిండరుతో నడిపిన బండ్ల సంగతి వేరే చెప్పనక్కరలేదు. 14.2 కిలోల ఆ సిలిండరు కదలకుండా వంటింట్లో నిలబడటానికి చేసినది. దానిని వాహనానికి వాడటం చట్టవిరుద్ధం. వంట గ్యాసు గాలికంటె బరువైనది, కారితే పైకి పోక కిందనే పేరుకుంటుంది. మూసిన కారులో అది ఎంత అపాయమో ఊహించుకోవచ్చు. అటువంటి అమరికను "చవకగా నడుస్తుంది" అని గొప్పగా చూపి అమ్మేవాడూ, తెలిసీ కొనేవాడూ ఒకే తప్పులో పాలివారు.

ఇక కొనేవాని వంతు. కొందరు కావాలనే అడగరు. అడిగితే జవాబు తెలుస్తుంది, తెలిస్తే చవక బేరం వదులుకోవాలి. ఇది నమ్మకం కాదు, కళ్ళు మూసుకోవడం. నమ్మకంతో అడగనివానికి, భయపడి అడగనివానికి తేడా అతని మనస్సాక్షికే తెలుసు.

మధ్యలో నిలిచే పెద్దలకు కూడా ఒక మాట. "మనవాడే, తీసుకోండి" అని సిఫారసు చేసేటప్పుడు మనము మనిషికి సాక్ష్యమిస్తున్నామా, బండికా? మనిషి మంచివాడైనంత మాత్రాన సిలిండరు మంచిదైపోదు. చూడని దానికి సాక్ష్యం చెప్పకూడదు.

అమ్మేవానికే తెలియకపోతే? భర్త పోయిన సహోదరి ఆయన కారును అమ్ముకుంటున్నది. కిట్టు ఎప్పుడు బిగించారో ఆమెకు తెలియదు. ఆమెపై నేరం మోపలేము. "నాకు తెలియదు, మెకానిక్కుకు చూపించుకోండి" అంటే చాలు. అదీ సత్యమే. తెలియని దానిని తెలిసినట్లు "బాగుందండీ" అనడమే పొరపాటు.

కాబట్టి అమ్మే ముందు ఒక కాగితంపై నాలుగు సంగతులు వ్రాసి ఇద్దాము: కిట్టు ఏ సంవత్సరంలో, ఎక్కడ బిగించారు, సిలిండరు పరీక్ష గడువు ఎప్పటివరకు ఉంది, ఆర్.సి.లోను ఇన్సూరెన్సులోను గ్యాసు నమోదైనదా, తెలిసిన మరమ్మతులు ఏవి. అలా వ్రాసి ఇస్తే ధర కొన్ని వేలు తగ్గవచ్చు. పరాయి ఊళ్ళలో మన తాతలు అప్పు కాగితాలు లేకుండా ఒకరికొకరు డబ్బు ఇచ్చుకోగలిగింది మాట మీది నమ్మకంతోనే. ఆ నమ్మకాన్ని మనము సంపాదించలేదు, మనకు అప్పగించారు. దానిని ఒక పాత కారు ధరకు అమ్మివేయడం తగునా? ఆలోచించండి.