దొంగసొత్తు

మార్క్ ట్వేన్ 'హకిల్‌బెరీ ఫిన్' నవల 1885లో అమెరికాలో అచ్చయింది. కథ మాత్రం అంతకు నలభై, యాభై ఏళ్ల ముందుది, బానిసత్వం చట్టంగా ఉన్న రోజులది. హక్ పదమూడు పద్నాలుగేళ్ల తెల్లపిల్లోడు, తాగుబోతు కొడుకు. గుహలో దొంగలు దాచిన బంగారం వాడికీ, వాడి స్నేహితుడు టామ్‌కీ దొరికింది. చెరి 6,000 డాలర్లు. అది ఎవర్ని కొల్లగొట్టిన సొమ్మో ఊరి పెద్దలెవరూ అడిగినట్టు కనపడదు. జడ్జిగారు వడ్డీకి తిప్పితే రోజుకో డాలరు. దొంగసొమ్ము తెల్లచేతిలో పడి ఆస్తి అయిపోయింది.

హక్‌కి ఆ డబ్బు మీద మమకారం లేదు. తండ్రి దానికోసం మీద పడతాడని, ఒక్క డాలరు పుచ్చుకుని మొత్తం జడ్జికి రాసిచ్చేస్తాడు. ఇంత తేలిగ్గా సొమ్ము వదులుకున్నవాడు ఒక మనిషి విడుదల దగ్గర ఎందుకంత నలిగిపోయాడు?

జిమ్ బానిస. యజమానురాలు తనను 800 డాలర్లకు అమ్మబోతోందని చెవినబడి పారిపోయాడు. ఇద్దరూ తెప్ప మీద మిసిసిపీ వెంట పోతుంటారు. పెళ్లాం బిడ్డల్ని కొనుక్కుంటాననీ, అమ్మకపోతే ఎవరిచేతనైనా ఎత్తుకురప్పిస్తాననీ జిమ్ అంటే హక్‌కి గుండె జారిపోతుంది. తండ్రి తన బిడ్డల్ని తెచ్చుకోవడం దొంగతనమట! అదే హక్, దగాకోరులు విల్క్స్ ఇంటి ఆడపిల్లల బంగారం కాజేస్తే దాన్ని తిరిగి దొంగిలించి శవపేటికలో దాస్తాడు. అప్పుడేం ధర్మసందేహం రాలేదు. (ఆ విల్క్స్‌ది తోళ్ల కార్ఖానా. అక్కడ తోలు వ్యాపారం చేసినాయన ఊళ్లో పెద్దమనిషి. మా తాతలు లందలో తోళ్లు ఊనినందుకు ఊరి బయట ఉన్నారు.)

చివరికి జిమ్‌ని పట్టిచ్చే ఉత్తరం చింపేసి, నరకానికి పోవడానికే సిద్ధపడతాడు హక్. మా క్లాసులో ఈ ఘట్టాన్నే మెచ్చుకుంటూ చెప్పారు. మెచ్చుకోవలసిందే. కానీ వాడు తనను దొంగ అనుకున్నాడే గాని, యజమానురాల్ని అనలేదు. దయ వచ్చింది, మాట మారలేదు.

ఆ మాట మా ఇంటికి తెలుసు. కల్లంలో మా అమ్మ ఒళ్లో సోలెడు వడ్లు కట్టుకుందని కామందు భార్య కొంగు దులిపించింది. రాలిన గింజలకి లెక్కుంది. మా అయ్య పాలేరుగా పోగొట్టుకున్న ఏళ్లకి ఏ పుస్తకంలోనూ లెక్కలేదు. అప్పు మాత్రం ఏటేటా పెరిగేది, 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చినాక కూడా. అమ్మ ఏడవలేదు. "నాటేసింది నేను, కలుపు తీసింది నేను. నా గింజ నేను తెచ్చుకుంటే దొంగతనమెట్టాగయిద్ది?" అంది.

జిమ్ కూడా నవల మొదట్లోనే ఇట్లాంటి లెక్కే చెప్పాడు. తాను ఇప్పుడు తన సొంతం గనక, తన ఖరీదు 800 గనక, తాను ధనవంతుడేనట. ఆ మాటకి క్లాసులో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

నవల చివర హక్ 6,000 జడ్జి దగ్గర భద్రంగానే ఉంటాయి, పైన ఇంకొంత కూడా. ఖైదీగా ఓపిక పట్టినందుకు టామ్ జిమ్‌కి 40 డాలర్లిస్తాడు. అంతకు కొన్నాళ్ల ముందు దగాకోరు జిమ్‌ని అమ్ముకున్నదీ ఆ 40కే.